హెర్షీలో హాకీకి అంత జనం ఎందుకొస్తారు?

హారిస్‌బర్గ్_కొత్త:
ఈ మధ్యే డల్లాస్ నుంచి పెన్సిల్వేనియాలోని హారిస్‌బర్గ్ పక్కకి మారాం. చలికాలం వచ్చిందంటే ఆఫీసులో అందరి నోటా దగ్గర్లోని హెర్షీ ఊరి ఐస్ హాకీ జట్టు హెర్షీ బేర్స్ మాటే. నాకు అర్థం కానిదేంటంటే, ఇది ఐస్ హాకీలో పెద్ద లీగ్ అయిన ఎన్‌హెచ్ఎల్ కాదు, దాని కిందుండే ఏహెచ్ఎల్. ఎవరైనా కుర్రాడు బాగా ఆడితే చాలు, పైనున్న ఎన్‌హెచ్ఎల్ జట్టు వాషింగ్టన్ క్యాపిటల్స్ వాళ్లు పిలిపించేసుకుంటారు. పోనీ వీళ్లంతా వాషింగ్టన్ అభిమానులా అంటే అదీ కాదు, మా ఆఫీసు టీంలో సగం మంది ఫిలడెల్ఫియా ఫ్లైయర్స్ అభిమానులు, సగం మంది పిట్స్‌బర్గ్ పెంగ్విన్స్ అభిమానులు. అలాంటప్పుడు పదివేల సీట్ల అరీనాకి ఇంత జనం ఎలా వస్తున్నారు? పిల్లల్ని తీసుకెళ్దామనుకుంటున్నా, ఏ మ్యాచ్ అయితే బాగుంటుందో కూడా చెప్పండి.

చాక్లెట్_ఊరి_పాతకాపు:
తమ్ముడూ, పైజట్టు ఎవరన్నది ఇక్కడ పెద్దగా ఎవరూ పట్టించుకోరు. 1984 నుంచి 1996 దాకా బేర్స్ ఫ్లైయర్స్ కిందే ఉన్నారు, తర్వాత కొలరాడో, 2005 నుంచి వాషింగ్టన్. పైన ఎవరు మారినా బేర్స్ మాత్రం 1938 నుంచి ఏహెచ్ఎల్‌లో, ఇదే ఊళ్లో. ఆ లీగ్‌లో ఇంతకాలం ఊరు మారకుండా ఉన్న జట్టు ఇంకోటి లేదు. దానికి అసలు కారణం యజమాని అని నా నమ్మకం. మామూలుగా చిన్న లీగుల్లో జట్టుని ఎవరో కొంటారు, నష్టం వస్తే ఇంకో ఊరికి తీసుకుపోతారు. ఇక్కడ జట్టూ, అరీనా నడిపేదీ హెర్షీ చాక్లెట్ కంపెనీ పెట్టిన మిల్టన్ హెర్షీ మొదలెట్టిన సంస్థే, దాని వెనక ఉన్నది ఆయన స్కూల్‌ని పోషించే ట్రస్టు. జట్టు వెళ్లిపోతుందేమో అన్న భయం లేకుండా మూడు తరాలు పెరిగాయి, తాత చూసిన జట్టునే మనవడూ చూస్తున్నాడు.

1936లో కట్టిన పాత అరీనా హెర్షీపార్క్ అనే వినోద పార్కు పక్కనే ఉంది, కుదిరితే బయటి నుంచైనా చూడు. 1962లో బాస్కెట్‌బాల్ ఆటగాడు విల్ట్ చాంబర్లేన్ ఒకే మ్యాచ్‌లో 100 పాయింట్లు కొట్టింది అందులోనే. 2002లో బేర్స్ ఇప్పటి అరీనా జెయింట్ సెంటర్‌కి మారారు. ఏహెచ్ఎల్ విజేతకిచ్చే కాల్డర్ కప్పు 13 సార్లు గెలిచారు, 2023, 2024లో వరుసగా కొట్టారు, లీగ్‌లో అన్ని కప్పులు ఎవరికీ లేవు.

హార్ట్‌ఫర్డ్_బావ:
అన్న చెప్పింది నిజమే, కానీ అరీనా ఉన్నంత మాత్రాన అభిమానం నిలబడదు. కనెక్టికట్‌లోని మా హార్ట్‌ఫర్డ్‌లో వేలర్స్ అనే ఎన్‌హెచ్ఎల్ జట్టు ఉండేది, 1997లో నార్త్ కరోలినాకి వెళ్లిపోయింది. అదే ఏడాది అదే అరీనాలోకి న్యూయార్క్ రేంజర్స్ వాళ్ల ఏహెచ్ఎల్ జట్టు వుల్ఫ్ ప్యాక్ వచ్చింది, 2000లో కప్పు కూడా గెలిచింది. అయినా నా ఆఫీసులో పెద్దవాళ్లు ఇప్పటికీ వేలర్స్ ఆకుపచ్చ జెర్సీలే వేసుకుంటారు, వుల్ఫ్ ప్యాక్ సంగతి ఎత్తితే మాట మార్చేస్తారు. 2010లో పాత జ్ఞాపకం కోసం జట్టు పేరు కనెక్టికట్ వేల్ అని మార్చి చూశారు, 2013లో మళ్లీ పాత పేరే పెట్టేశారు. పోయిన జట్టు మీద బాధ అంత తొందరగా తీరదు, అందులో తప్పేం లేదు.

మెకానిక్స్‌బర్గ్_అమ్మ:
పిల్లలతో అయితే టెడ్డీ బేర్ టాస్ మ్యాచ్‌కి వెళ్లండి. బేర్స్ మొదటి గోల్ కొట్టగానే అందరూ బొమ్మలు ఐస్ మీదికి విసురుతారు, తర్వాత అవన్నీ సేవాసంస్థలకి ఇస్తారు. 2025 జనవరిలో 1,02,343 బొమ్మలు వచ్చాయి. టికెట్లు ముందే కొనుక్కోండి, దొరకవు. అది కుదరకపోతే పిట్స్‌బర్గ్ వాళ్ల కింది జట్టు విల్క్స్-బారీ స్క్రాంటన్ పెంగ్విన్స్ వచ్చినప్పుడు వెళ్లండి, మీ ఆఫీసు పిట్స్‌బర్గ్ వాళ్లు ఆ రోజు ఎవరి వైపు అరుస్తారో మీరే చూద్దురు గానీ. లోపల చల్లగా ఉంటుంది, పిల్లలకి జాకెట్లు మర్చిపోవద్దు.