పాత చేతిరంపం: ఏ కాలంది, ఎలా బాగుచేయాలి?

టేకుముక్క:
ఎర్రగడ్డ ఆదివారం సంతలో దొరికిన 26 అంగుళాల రంపం. రేకంతా తుప్పు. పిడి మీది ఇత్తడి బిళ్ళపై ‘హెచ్. డిస్టన్ అండ్ సన్స్, ఫిలా’ అని ఉంది, అంటే అమెరికాలోని ఫిలడెల్ఫియా రంపాల కంపెనీ. వీపు తిన్నగానే ఉంది గానీ, కొస దగ్గర చిన్న ముక్కు లాంటిది పొడుచుకొచ్చింది. ఏదైనా విరిగిందా? గ్రైండరుకు తీగ బ్రష్ బిగించి తోమేయొచ్చా?

వడ్రంగిపిట్ట:
గ్రైండర్ జోలికి పోకండి. రేకు పలచన. వేడెక్కి నీలం తిరిగిన చోట టెంపర్, అంటే ఉక్కు గట్టిదనం, పోతుంది. కంపెనీ ముద్రను యాసిడ్‌తో పైపైనే వేసి ఉంటారు, అదీ చెరిగిపోతుంది.

ముక్కు అలంకారమే, అరగదీయకండి. బిళ్ళ మీద ‘సన్’ అని ఒక్కరే ఉంటే 1865-71 మధ్యది, ‘సన్స్’ ఉంటే ఆ తర్వాతది. ‘వారంటెడ్ సుపీరియర్’ అని మాత్రమే ఉంటే ఎవరు చేశారో తేలదు, ఆ బిళ్ళ చాలా కంపెనీలు వాడాయి.

ఇత్తడిమర:
నట్లు కూడా చూడండి. పిడికి సమంగా చదునుగా ఉండి, మరకు రెండు పక్కలా గాడి ఉంటే, డిస్టన్‌లో అది 1870ల నాటిదో అంతకు ముందుదో. ఇంగ్లాండులోని షెఫీల్డ్ రంపాలకు ఈ లెక్క కుదరదు, అక్కడ అలాంటివి చాలా కాలం నడిచాయి. వాటిని విప్పాలంటే వెడల్పాటి పాత స్క్రూడ్రైవర్ మొన మధ్యలో గాడి కోసుకోవాలి. బలవంతం చేస్తే ఇత్తడి తెగుతుంది.

వడ్రంగిపిట్ట:
ముందు పిడి విప్పాలి. కిరోసిన్ రాసి నానబెట్టి, గీకుడు బ్లేడును బాగా వాల్చి పట్టుకుని తుప్పు గీకండి. తర్వాత 220 నంబరు వాటర్ పేపరును చదునైన చెక్కకు చుట్టి, కిరోసిన్‌తో రేకు పొడవునా రుద్దండి. ముద్ర ఉండే చోట, అంటే రేకు మధ్యన, 400తో నెమ్మదిగా. అక్షరాలు నల్లగా తేలగానే ఆపేయాలి. వెనిగర్‌లో ముంచితే తుప్పుతోపాటు ముద్రా పోవచ్చు.

పళ్ళ మొదళ్ళలో తుప్పు గుంటలు లోతుగా ఉంటే మాత్రం అంత శ్రమ దండగ. సెట్టు వేసేటప్పుడు, అంటే పళ్ళను ఒకటి విడిచి ఒకటి అటూ ఇటూ వంచేటప్పుడు, అవి విరుగుతాయి. పిడికి అవిసె నూనె పలచగా పట్టించండి. ఆ గుడ్డను ఉండచుట్టి పడేయొద్దు, దానంతటదే అంటుకుంటుంది. విప్పి ఆరేయండి.

ఆకురాయి:
పదును సంగతి. అంగుళానికి ఎనిమిది మొనలుంటే 6 అంగుళాల సన్న ముక్కోణపు ఆకురాయి సరిపోతుంది. ముందు చదును ఆకురాయిని పళ్ళ కొసల మీదుగా నడపండి, ప్రతి పన్ను మీదా చిన్న మెరుపు కనబడేదాకా. పళ్ళు మరీ ఎగుడుదిగుడుగా ఉంటే ముందు ఆకారం సరిచేసి, సెట్టు వేసి, చివర పదును పెట్టాలి. సెట్టు పన్ను పై సగానికే. మొదలు నుంచి వంచితే పుటుక్కున పోతుంది. ఎండు టేకుకు తక్కువ సెట్టు, పచ్చి కర్రకు ఎక్కువ. అడ్డకోత రంపమైతే ఆకురాయిని 20 డిగ్రీలు పక్కకు తిప్పి పట్టండి, నిలువుగా చీల్చేదైతే తిన్నగా.

టేకుముక్క:
పళ్ళ వరస మధ్యలో కాస్త ఉబ్బుగా ఉంది. చదును చేయాలా?

ఆకురాయి:
వద్దు. పాత రంపాల్లో కావాలనే అలా చేసేవారు. వరస సన్నని విల్లులా అంతటా ఒకే తీరుగా వంగి ఉంటే అలాగే ఉంచి, ఆకురాయినీ ఆ వంపు వెంటే నడపండి. మధ్యలో పల్లం పడితేనే సరిచేయాలి. ఇంకోటి, ఇది ముందుకు తోసినప్పుడు కోసే రంపం. మన వైపు లాగి కోసే అలవాటున్నవాళ్ళు వెనక్కి వచ్చేటప్పుడు నొక్కితే పళ్ళు ఊరికే మొద్దుబారతాయి.