పాత ఛాయాచిత్రాలలో దుస్తుల ట్యాగులు: కంటికి కనిపించినది రాయాలా, మనకు తెలిసినది రాయాలా?

నిర్వాహకుడు:
మన పాత కుటుంబ ఛాయాచిత్రాల భాండాగారంలో దుస్తుల ట్యాగులు ఒక పద్ధతిలో లేవు. ముక్కోణాల వరుస ఉన్న ఒకే రకం చీర అంచును ఒకరు ‘గద్వాల’ అనీ, ఇంకొకరు ‘కుప్పడం’ అనీ, మరొకరు ‘కోటకొమ్మ అంచు’ అనీ రాశారు. ఒక మాటతో వెతికినవారికి మిగిలిన రెండు మాటల కింద ఉన్న చిత్రాలు దొరకడం లేదు. ఇకమీదట కంటికి కనిపించే వివరాన్ని మాత్రమే ట్యాగుగా ఉంచి, ఊరి పేర్లను తీసివేద్దామని ప్రతిపాదిస్తున్నాను. అభ్యంతరాలు ఉన్నవారు తెలియజేయగలరు.

సూచీకర్త:
ప్రతిపాదనను పూర్తిగా సమర్థిస్తున్నాను. కోటకొమ్మ అనేది ఆకారం, కుప్పడం అనేది నేత విధానం, గద్వాల అనేది ఊరు. ఈ మూడింటినీ ఒకే గడిలో వేస్తే ఏ సూచికా నిలవదు. కోటకొమ్మలు కంచి చీరల మీదా, ఒడిశా చీరల మీదా కూడా ఉంటాయి. కుప్పడంలోలాగా నడిమి భాగాన్నీ అంచునూ వేర్వేరు నాడెలతో నేసి పేక పోగులను, అంటే అడ్డపోగులను, మెలివేసి కలపడం కంచిలోనూ ఉంది, అక్కడ దానిని కోర్వై అంటారు. ప్రపంచ మ్యూజియంల సంస్థ ఐకామ్ వారి దుస్తుల సంఘం తయారుచేసిన పదసూచిలో కూడా ఏ దుస్తు శరీరంలో ఏ భాగాన్ని కప్పుతుందన్నదే వర్గీకరణకు ఆధారం, ఊరు కాదు.

రంగు విషయంలోనూ ఇదే జాగ్రత్త అవసరం. పూర్వం స్టూడియోలలో వాడిన ఆర్థోక్రొమాటిక్ ప్లేట్లకు ఎరుపు సోకదు, కాబట్టి ఎర్రని బట్ట నల్లగా పడుతుంది, నీలం పాలిపోయి తెలుపుకు దగ్గరగా కనిపిస్తుంది. మన భాండాగారంలో ‘నల్ల చీర’ అన్న ట్యాగుతో పెళ్ళిపీటల చిత్రాలు ఉన్నాయి. ఏ తెలుగింట పెళ్ళికూతురిని నల్లచీరతో పీటల మీద కూర్చోబెడతారు? నలుపు తెలుపు చిత్రాలకు ‘ముదురు’, ‘లేత’ అన్న రెండు మాటలకు మించి వాడకూడదని నా అభిప్రాయం. ఆ కాలంలో స్టూడియోలవారు ఫొటోలకు చేత్తో రంగులు అద్దేవారు కాబట్టి, అటువంటి చిత్రాలలోని రంగును కూడా చీర రంగుగా నమోదు చేయరాదు.

మగ్గంగుంట:
నేను ఈ ప్రతిపాదనను ఒప్పుకోను. గద్వాల చీరకు నడుమ నూలు, అంచుకూ కొంగుకూ పట్టు. నూలు వెలుతురును మింగుతుంది, పట్టు తిప్పి కొడుతుంది, కాబట్టి నలుపు తెలుపు చిత్రంలో కూడా ఆ రెండూ కలిసిన చోటు తెలిసిపోతుంది. పోచంపల్లి చీరకు పోగులను నేతకు ముందే చిటికి కట్టి, అంటే రంగు అంటకూడని చోట్ల బిగించి కట్టి, రంగులో ముంచుతారు. కట్టు కింద రంగు కొద్దిగా పాకడం వల్ల పువ్వు అంచు ఈకలా విచ్చుకుంటుంది. అచ్చు వేసిన బట్టకు ఆ అంచు గీత గీసినట్లు ఉంటుంది. చూడడం నేర్చినవారికి ఇవన్నీ కనిపించే వివరాలే. మీకు కనిపించనంత మాత్రాన అవి కనిపించనివి అయిపోవు.

ఊరి పేరు అలంకారం కాదు. ఒక ప్రాంతపు సరుకుకే ఆ ప్రాంతం పేరు చెల్లేలా 1999లో చేసిన భౌగోళిక గుర్తింపుల చట్టం 2003లో అమలులోకి వచ్చాక పోచంపల్లి, గద్వాల, వెంకటగిరి, మంగళగిరి, ఉప్పాడ, నారాయణపేట, సిద్దిపేట గొల్లభామ చీరలకు ఆ గుర్తింపు దక్కింది. మా ఇంట్లో చిటికి కట్టి నేసిన డిజైనును ఒక దుకాణం వారు మిల్లు బట్ట మీద అచ్చు వేయించి, మా ఊరి పేరుతోనే అమ్మారు. అడగబోతే మీ పేరు ఎక్కడ రాసి ఉందని ఎదురు ప్రశ్నించారు. ఇప్పుడు భాండాగారం కూడా ఆ పేరును తీసివేస్తే, రేపు ఆ ప్రశ్నకు చూపించడానికి మాకు పాత చిత్రమైనా మిగలదు.

ఓరుగల్లు:
మరి ‘జరీ’ అని రాయవచ్చా, లేక ‘మెరిసే పోగు’ అని రాయాలా? దీనికి కూడా సమాధానం చెప్పగలరు.

సూచీకర్త:
మగ్గంగుంట గారూ, మీరు చేత్తో పట్టుకున్న చీర గురించి చెబుతున్నారు, నేను కాగితం మీది బొమ్మ గురించి చెబుతున్నాను. అరచేతిలో పట్టే ఫొటోలో, ప్లేటుకు వెలుతురు పట్టించేంతసేపు మనిషి కదలకుండా నిలబడవలసిన కాలంలో, పువ్వు అంచు చెదిరినట్లు కనబడడానికి లెన్సు కారణం కావచ్చు, మనిషి ఊపిరి తీయడం కారణం కావచ్చు, స్కానరు కారణం కావచ్చు. మెరుపు చూసి పట్టు అంటున్నారు, గంజి పెట్టి ఇస్త్రీ చేసిన నూలు కూడా స్టూడియో దీపాల కింద మెరుస్తుంది. చిత్రాన్ని తిప్పి వెనుక వైపు నేత చూసే వీలు మనకు లేదు. ఒక్క తప్పు ట్యాగు పడితే చాలు, దానిని చూసి మరొకరు ఇంకో పది చిత్రాలకు అదే రాస్తారు. మీరు కాపాడాలనుకుంటున్న పేరుకు అంతకంటె నష్టం ఇంకేముంటుంది?

కృష్ణాతీరం:
ఒక చిన్న విషయం. ‘కుడి పైట’ అన్న ట్యాగు ఉన్న చిత్రాలలో కొన్ని నెగటివును తిరగవేసి స్కాన్ చేసినవి. పక్కన నిలబడిన మగవారి చొక్కా జేబు కుడి వైపున కనిపిస్తే, ముందు చిత్రాన్ని సరిచేసి ఆ తరువాత పైట సంగతి రాయాలి.

మగ్గంగుంట:
జేబుల సంగతి తరువాత చూద్దాము. పదిమందిలో ఒకరు పొరబడతారని తొమ్మిదిమందికి తెలిసినది రాయకూడదనడం ఏ న్యాయం? పుట్టపాకలో నూనె పట్టించిన నూలుకు చిటికి కట్టి నేసే తేలియా రుమాలు కట్టుకున్న మనిషిని చూసి ‘గళ్ళ గుడ్డ’ అని రాసి ఊరుకుంటే, ఆ నేత మీద పరిశోధన చేసే విద్యార్థికి ఆ చిత్రం ఎన్నటికీ దొరకదు. మీ సూచిక శుభ్రంగా ఉంటుంది, దానివల్ల ఎవరికీ ఏమీ తెలియదు.

పాత పెట్టె:
ఇంతసేపూ అంచుల గురించే మాట్లాడుతున్నారు కాబట్టి నేను అడగక తప్పడం లేదు. మా నాయనమ్మ గోచీ పోసి చీర కట్టుకుని, రవిక లేకుండా, మా ఇంటి వసారాలో నిలబడిన చిత్రాన్ని భాండాగారానికి ఇచ్చాను. దాని కింద ఎవరో ‘కూలీ మహిళ’, ‘ముతక చీర’, ‘రవిక లేదు’ అని ట్యాగులు పెట్టారు. అదే విధంగా గోచీ పోసి కట్టి, రవిక లేకుండా, పీట మీద కూర్చున్న మరొక పెద్దావిడ చిత్రం కింద ‘మడి కట్టు’ అని ఉంది. కట్టు ఒకటే అయినప్పుడు ఆవిడ మడి మనిషి, మా నాయనమ్మ కూలి మనిషి ఎలా అయ్యారు? మా నాయనమ్మ సొంత పొలం సాగు చేసుకున్న మనిషి. కూలి చేసి ఉన్నా నేను సిగ్గుపడేదాన్ని కాదు, కానీ ఆ మాట రాసినవారు ఎవరిని అడిగి రాశారు? పీటను చూశారు, వసారాను చూశారు, మా కులం ఏదో మనసులో ఊహించుకుని ఆ ఊహకు దుస్తుల పేరు పెట్టారు.

సూచీకర్త:
మీ బాధ న్యాయమైనది. నేను మొదటి నుండీ చెబుతున్నది కూడా ఇదే. ‘కూలీ’ అన్నదీ ‘మడి’ అన్నదీ చిత్రంలో కనిపించేవి కావు, కనుక రెండింటినీ తీసివేయాలి. ‘గోచీ కట్టు’, ‘రవిక లేదు’ అన్నవి రెండు చిత్రాలకూ సమానంగా ఉండాలి.

మగ్గంగుంట:
‘ముతక’ అన్న మాటను కూడా తీసివేయాలి. వెంకటగిరిలో నేసే నూరో నంబరు సన్న నూలు చీర అయినా గంజి పోయేలా ఉతికి ఆరవేస్తే ఫొటోలో ముతకగానే కనిపిస్తుంది. నూలు నంబరు తెలియకుండా ఆ మాట రాయకూడదు.

పాత పెట్టె:
సూచీకర్త గారూ, ‘రవిక లేదు’ అన్న ట్యాగు సమానంగా పెడితే సరిపోతుందని మీరు అనుకుంటున్నారు. నేను అలా అనుకోవడం లేదు. భాండాగారంలో జమీందారుల చిత్రాలు ఉన్నాయి. కాళ్ళకు చెప్పులు లేకుండా కుర్చీలో కూర్చున్నవారి కింద ‘చెప్పులు లేవు’ అని ఎవరూ రాయలేదు. వారికి ఉన్న కండువా, ఉంగరాలు, చేతికర్ర రాశారు. మా ఇంటి మనిషి దగ్గరకు వచ్చేసరికి లేనిది రాశారు. ఆమె మెడలో కాసుల పేరు, చేతికి కడియాలు స్పష్టంగా కనిపిస్తున్నాయి, వాటికి ఒక్క ట్యాగు కూడా లేదు. కంటికి కనిపించినదే రాయాలన్న మీ నియమం, ఏ కన్ను దేనిని వెతుకుతుందో అడగడం లేదు.

ఓరుగల్లు:
ఈ మాటకు సూచీకర్త గారు నేరుగా సమాధానం చెప్పాలి.

సూచీకర్త:
చెబుతాను. మన ప్రాంతంలో రవిక ధరించడం ఏ కాలంలో, ఏ ఇళ్ళలో మొదలై ఎలా వ్యాపించిందో తెలుసుకోవాలనుకునేవారికి రవిక లేని చిత్రాలే ముఖ్యమైన ఆధారం. మర్యాద కోసం ఆ వివరాన్ని దాచితే, ఆ స్త్రీల చరిత్రనే దాచినట్లవుతుంది. చెప్పుల విషయంలో మీరన్నది నిజమే కాబట్టి, అక్కడ కూడా లేవని రాయాలని కోరుతున్నాను.

పాత పెట్టె:
దాచమని నేను అడగలేదు. రవిక ఉన్న ప్రతి చిత్రానికీ ‘రవిక’ అని రాయండి, చేతులు పొట్టివా, బుట్టచేతులా, మోచేతి వరకు ఉన్నాయా అన్నది కూడా రాయండి. రవిక ట్యాగు లేని చిత్రాలను వేరుచేసి చూస్తే పరిశోధకులకు కావలసినవి దొరుకుతాయి. లేనిదానిని ఒక మనిషి పేరు కింద ముద్రగా వేయనవసరం లేదు.

సూచీకర్త:
అలా చేస్తే ఎవరూ పరిశీలించని చిత్రాలు కూడా రవిక లేనివాటిలో కలిసిపోతాయి. పరిశీలించి లేదని తేల్చడం వేరు, చూడకపోవడం వేరు. ఆ తేడా చూపించడానికి ఏదో ఒక గుర్తు కావాలి.

నిర్వాహకుడు:
ఊరి పేర్లను పూర్తిగా తీసివేద్దామన్న ప్రతిపాదనను ప్రస్తుతానికి పక్కన పెడుతున్నాను. దాని బదులు మూడు గడులు ఉంచుదాము: చిత్రంలో కనిపించేది, దాత చెప్పినది, చూసినవారు ఊహించినది. మూడవ గడిలో ఊరి పేరు రాసేవారు తమ సభ్యనామమూ కారణమూ కలిపి రాయాలి. వృత్తి, కులం, ఆచారం సూచించే మాటలు దాత చెబితే తప్ప ఎక్కడా రాయకూడదు. ‘దుస్తులు పరిశీలించబడినవి’ అన్న గుర్తు ప్రతి చిత్రానికీ విడిగా ఉంటుంది. లేనివాటిని ట్యాగుగా రాయాలా వద్దా అన్నది ఇంకా తేలలేదు, దానిపై చర్చ కొనసాగించగలరు.

మగ్గంగుంట:
నా మాట ‘ఊహ’ గడిలోకి పోవడం నాకు ఇష్టం లేదు. నేతగాడు చూసి చెప్పినదానికి వేరే పేరు ఉండాలి. అది కుదిరే వరకు కారణాలతో సహా ఆ గడిలోనే రాస్తాను.

సూచీకర్త:
లేనివాటి విషయంలో నా అభిప్రాయం మారలేదు. పరిశీలించిన గుర్తు అన్ని చిత్రాలకూ పడేవరకు ‘రవిక లేదు’ అన్న ట్యాగును ఉంచాలనే కోరుతున్నాను.

పాత పెట్టె:
నేను ఉంచనివ్వను. ఆ చిత్రం ఇచ్చినది నేను. ఈ రోజే ఆ మూడు ట్యాగులూ తీసివేసి, కాసుల పేరు, కడియాలు, గోచీ కట్టు చేర్చండి. చిత్రం వెనుక మా తాతయ్య పెన్సిలుతో ఆమె పేరు, ఊరు, సంవత్సరం రాశారు. స్కాన్ చేసినవారు వెనుక వైపును స్కాన్ చేయలేదు. దానిని కూడా స్కాన్ చేసి, ఆ వివరాలను దాత చెప్పిన గడిలో పెట్టండి.