జపనీస్ హెడ్ స్పాకు వెళ్లాలా, ఇక్కడే స్కాల్ప్ ట్రీట్‌మెంట్ చేయించుకోవాలా?

ప్రశ్న (నల్లగొండ నుంచి)

అందరికీ నమస్కారం. నాకు ముప్పై నాలుగేళ్లు, బడిలో పాఠాలు చెబుతాను. సెప్టెంబరులో డెంగీ వచ్చి పన్నెండు రోజులు మంచం పట్టాను. ప్లేట్‌లెట్లు పెరిగాయి, గండం గడిచిందనుకున్నాను. డిసెంబరు మొదటి వారం నుంచి జుట్టు ఊడడం మొదలైంది. దువ్వితే కుచ్చులు కుచ్చులుగా చేతిలోకి వస్తోంది. దీనికి తోడు రెండేళ్ల నుంచి వదలని చుండ్రు ఉంది. మాడంతా దురద, చెవుల వెనక జిడ్డుగా పసుపుపచ్చని పొట్టు.

హైదరాబాద్‌లో ఉంటున్న మా చెల్లెలు జపనీస్ హెడ్ స్పా చేయిస్తానంటోంది, ఒక్కసారికి మూడున్నర వేలట. మా ఇంటి దగ్గరి పార్లర్‌లో ఆరు సిట్టింగుల స్కాల్ప్ ట్రీట్‌మెంట్ తీసుకుంటే ఊడడం ఆగిపోతుందంటున్నారు, దానికి మొత్తం తొమ్మిది వేలు. ఏప్రిల్‌లో మా మరిది పెళ్లి. రెంటిలో ఏది మంచిదో అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి. అద్దం ముందు నిలబడాలంటేనే భయంగా ఉంది.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

అక్కా, నేను కిందటేడు హైదరాబాద్‌లో హెడ్ స్పా చేయించుకున్నాను. ముందుగా చిన్న కెమెరాను మాడు మీద ఆనించి తెర మీద పెద్దగా చూపించారు. కుదుళ్ల చుట్టూ పేరుకున్న జిడ్డు, పొట్టు అన్నీ కనిపించాయి. తర్వాత పడుకోబెట్టి దువ్వెనతో చిక్కు తీసి, ఏదో నూనె పట్టించి, ఆవిరి పెట్టారు. అప్పుడు తల చుట్టూ విల్లులా వంగిన గొట్టం నుంచి గోరువెచ్చని నీళ్లు ధారలుగా పడుతుంటాయి. షాంపూ రెండు సార్లు. మధ్యలో మెడ, కణతలు, భుజాలు వేళ్లతో నొక్కుతూ ఉంటారు. గంటకు పైగా పట్టింది. సగంలోనే నిద్రపోయాను.

పరీక్షల పేపర్లు దిద్ది దిద్ది బిగుసుకుపోయిన నా మెడకు అది ఎంత హాయినిచ్చిందో మాటల్లో చెప్పలేను. జుట్టు నాలుగైదు రోజులు పట్టుకుచ్చులా ఉంది. ఆ తర్వాత మామూలే. నాకు ఊడే సమస్య లేదు కాబట్టి ఆ సంగతి చెప్పలేను.

జవాబు (మిర్యాలగూడ నుంచి)

చెల్లీ, నేను పద్దెనిమిదేళ్లుగా పార్లర్ నడుపుతున్నాను. స్కాల్ప్ ట్రీట్‌మెంట్లు నేనూ చేస్తాను. అయినా చెబుతున్నాను, ఇప్పుడు ఆ తొమ్మిది వేలు కట్టవద్దు. చెల్లెలి మూడున్నర వేలు కూడా ఇప్పుడే ఖర్చు పెట్టించవద్దు.

నీకున్నవి రెండు వేర్వేరు సమస్యలు. ఒకటి జ్వరం తర్వాత వచ్చినది, రెండోది చుండ్రు. నీ లెక్క చూడు: సెప్టెంబరులో జ్వరం, డిసెంబరులో ఊడడం. గట్టి జ్వరమో, కాన్పో, పెద్ద ఆపరేషనో అయినప్పుడు, పెరుగుతున్న వెంట్రుకల్లో చాలావాటికి పెరుగుదల ఒక్కసారే ఆగిపోతుంది. అవి రెండు మూడు నెలలు కుదుళ్లలో అలాగే ఉండి, తర్వాత కలిసికట్టుగా రాలతాయి. దీన్ని డాక్టర్లు టెలోజెన్ ఎఫ్లూవియం అంటారు. ఆరోగ్యంగా ఉన్నవాళ్లకే రోజుకు 50 నుంచి 100 వెంట్రుకలు రాలతాయి. ఇందులో అంతకన్నా చాలా ఎక్కువ పోతాయి, అందుకే అంత భయం. కానీ కుదురు చచ్చిపోదు. వేరే కారణమేదీ లేకపోతే చాలామందికి ఆరు నెలల్లో దానంతటదే సర్దుకుంటుంది.

ఇక్కడే మోసపోతాం. ఆరు సిట్టింగులు అయ్యేసరికి ఎలాగూ తగ్గే రోజులు వస్తాయి, ఆ పేరు ట్రీట్‌మెంటుకు పోతుంది. నా దగ్గరికి కాన్పు తర్వాత జుట్టు ఊడుతోందని వచ్చిన ఆడపిల్లలకు ఈ మాటే చెప్పి పంపిస్తాను. బేరం పోయిందని నాకు బాధ లేదు. పసిబిడ్డ తల్లి దగ్గర ఆ డబ్బు తీసుకోవడానికి చేయి రాదు.

స్కాల్ప్ ట్రీట్‌మెంట్ అన్న మాటను పార్లర్లో ఒకలా, చర్మవైద్యుల దగ్గర ఒకలా వాడతారు. పార్లర్లో మేము చేసేది మృత చర్మం తీయడం, ఆవిరి, సీరం, మర్దన. అది శుభ్రత. డాక్టరు చేసేది రోగానికి మందు. మీ పార్లర్ వాళ్లను ఒక్క మాట అడుగు: 'నాకు ఎందుకు ఊడుతోంది?' జవాబు చెప్పకుండా ప్యాకేజీ రేటు చెబితే లేచి వచ్చేయి.

జవాబు (దేవరకొండ నుంచి)

అమ్మా, నేను మందుల దుకాణం నడుపుతాను. ఆ బ్యూటీషియన్ గారు చెప్పింది సరైన మాట. చుండ్రు గురించి కొంచెం చెబుతాను. జిడ్డుగా, పసుపుగా, చెవుల వెనక కూడా ఉందన్నారు కాబట్టి అది సెబోరిక్ డెర్మటైటిస్, అంటే జిడ్డు ఊరే చోట చర్మం వాచి పొట్టు రాలే జబ్బు కావచ్చు. చూసి తేల్చవలసింది చర్మవైద్యులే. మలసీజియా అనే ఫంగస్ అందరి చర్మం మీదా ఉంటుంది. మాడు మీద ఊరే జిడ్డే దానికి తిండి. కొందరి చర్మం దాన్ని తట్టుకోలేక పొట్టు రాలుతుంది. దీనికి తరచుగా రాసేది రెండు శాతం కీటోకొనజోల్ షాంపూ. సాధారణంగా వారానికి రెండు సార్లు, రెండు నుంచి నాలుగు వారాలు వాడమంటారు. ఎక్కువమంది రాసిన వెంటనే కడిగేసి, పని చేయలేదని నా దగ్గరికి వస్తారు. నురుగును మూడు నుంచి ఐదు నిమిషాలు మాడు మీద ఉంచాలి. చుండ్రు ఉన్నప్పుడు రాత్రంతా నూనె పెట్టుకుని పడుకోవద్దు, ఫంగస్‌కు మేత వేసినట్లే.

డాక్టరు దగ్గరికి వెళ్లినప్పుడు హిమోగ్లోబిన్, ఫెర్రిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ ఎంతుందో చూపేది), థైరాయిడ్ పరీక్షలు అవసరమా అని అడగండి. ఇనుము తక్కువైనా, థైరాయిడ్ తేడా చేసినా జుట్టు రాలుతుంది. నల్లగొండ ప్రభుత్వ జనరల్ ఆసుపత్రికి మెడికల్ కాలేజీ తోడుంది, అక్కడ చర్మ విభాగంలో చూపించుకోండి. గుండ్రంగా నాణెమంత మేర వెంట్రుకలు పోయినా, చీము, పుండ్లు, నొప్పి ఉన్నా అసలు ఆలస్యం చేయవద్దు.

ప్రశ్న అడిగిన సోదరి

అందరికీ చేతులెత్తి దండం పెడుతున్నాను. ఇంకొక్క సందేహం. మాది బోరు నీళ్ల ఇల్లు. మా అత్తగారిది ఫ్లోరైడ్ నీళ్ల బాధ పడ్డ మర్రిగూడ వైపు. ఫ్లోరైడ్ నీళ్ల వల్లే జుట్టు ఊడుతోందని ఆమె గట్టిగా అంటున్నారు. నిజమేనా?

జవాబు (మిర్యాలగూడ నుంచి)

ఆమె భయం నాకు అర్థమవుతుంది. ఆ ఊళ్లలో వంగిపోయిన నడుములను కళ్లారా చూసినవాళ్లు నీళ్లను అనుమానించకుండా ఎలా ఉంటారు? కానీ ఫ్లోరైడ్ చేసిన కీడు తాగడం వల్ల, ఎముకలకూ పళ్లకూ. తల కడిగే నీళ్లలో మనల్ని ఏడిపించేది కాఠిన్యం, అంటే నీటిలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాలు. బోరు నీళ్లు కాచిన గిన్నె అడుగున తెల్లగా గట్టిపడేది అదే. అది వెంట్రుక మీద పేరుకుంటే జుట్టు గరుకుగా, చిక్కులుగా తయారై మధ్యలో తెగుతుంది. రాలిన వెంట్రుక కొసన చిన్న తెల్లని గుబ్బ ఉంటే కుదురు నుంచి వచ్చినట్లు, లేకపోతే చాలావరకు తెగినట్లు. నువ్వే చూసుకో.

మిషన్ భగీరథ నీళ్లు వస్తుంటే, చివరి రెండు చెంబులు వాటితో పోసుకో. తేడా నీకే తెలుస్తుంది.

జవాబు (మహబూబ్‌నగర్ నుంచి)

మరి హెడ్ స్పా అసలే వద్దా అక్కా? చెల్లెలు అంత ప్రేమగా పిలుస్తుంటే!

జవాబు (మిర్యాలగూడ నుంచి)

వద్దనడం లేదు. మాడు మంట, పొట్టు తగ్గాక వెళ్లమంటున్నాను. అప్పుడైనా నూనె వద్దని, గోళ్లతో గీకవద్దని ముందే చెప్పాలి. జపాన్‌లో నీళ్లూ నూనె లేకుండా ఉత్త వేళ్లతో నొక్కే డ్రై హెడ్ స్పా కూడా ఉంది. అలాంటిది దొరికితే ఇంకా మేలు. దువ్వెనలు, తువ్వాళ్లు శుభ్రమైనవేనా చూసుకోవాలి.

ఒక జాగ్రత్త మాత్రం ఎవరూ మరవకండి. షాంపూ బేసిన్ అంచు మీద మెడను బాగా వెనక్కి వంచి చాలాసేపు ఉంచితే, మెడలోని రక్తనాళం నలిగి అరుదుగా పక్షవాతం కూడా వస్తుంది. 1993లో అమెరికాలో ఒక నాడీ వైద్యుడు అలాంటి ఐదుగురు మహిళల సంగతి వైద్య పత్రికలో రాశారు. నేను అది తెలుసుకున్న రోజే మా బేసిన్ దగ్గర మెత్తని దిండు పెట్టించాను. మెడ కింద మడిచిన తువ్వాలు పెట్టమని అడగండి. తల తిరిగినట్లు అనిపిస్తే వెంటనే ఆపించండి.

ప్రశ్న అడిగిన సోదరి

సోమవారం ఆసుపత్రికి వెళ్లి వచ్చాను. చుండ్రుకు షాంపూ, రక్తంలో ఇనుము తక్కువగా ఉందని మాత్రలు రాశారు. ఊడుతున్నది జ్వరం వల్లేనని డాక్టరమ్మ కూడా అన్నారు. నుదుటి దగ్గర దువ్వెనతో పాయ తీసి అద్దంలో చూపించారు. అర అంగుళం పొడవున కొత్త వెంట్రుకలు, నిలబడి ఉన్నాయి! నెలకు సుమారు ఒక సెంటీమీటరు పెరుగుతాయట. పెళ్లినాటికి జడ పలచగానే ఉంటుంది, పూలదండ పెట్టుకుంటాను. చెల్లెలికి ఫోను చేసి స్పా మేలో, బడి సెలవుల్లో అని చెప్పాను.