పౌనఃపున్యంలో పుణ్యం ఎక్కడుంది?

(మొదటి పోస్టు)
గ్రూపు పెద్దలకు నమస్కారం. నూలు మిల్లులో ఎలక్ట్రికల్ మెయింటెనెన్స్ నా ఉద్యోగం. ఆపరేటర్లకి డ్రైవ్ గురించి తెలుగులో ఒక పేజీ రాసిపెట్టమన్నారు. డ్రైవ్ అంటే మోటారుకి వెళ్ళే కరెంటు ఫ్రీక్వెన్సీని మార్చి స్పీడు తగ్గించి పెంచే పెట్టె, వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్) అంటాం. ఇప్పుడు బటన్ నొక్కడం మానేసి, కంట్రోల్ రూమ్ నుంచి సీరియల్ కేబుల్ మీద నడుపుతున్నాం. ఫ్రీక్వెన్సీకి బడిలో చదివిన మాట గుర్తుపెట్టుకుని "పౌనఃపున్యం మార్చాలంటే" అని మొదలుపెట్టాను. మా ఫిట్టర్ చదివి "ఏం పుణ్యం సార్ ఇది?" అన్నాడు. తర్వాతి లైనులో సీరియల్ కనబడగానే "ఎన్నో ఎపిసోడ్ సార్?" అన్నాడు. అసలు ఈ పౌనఃపున్యం ఎక్కణ్ణుంచి వచ్చింది? తేలికైన మాట ఉంటే చెప్పండి. "చర పౌనఃపున్య చాలకం" అని మాత్రం ఎవరూ అనకండి, దండం పెడతాను.

(రిటైరైన ఫిజిక్స్ లెక్చరర్)
ముందు స్పెల్లింగ్ చూసుకోండి నాయనా. పుణ్యం కాదు, పున్యం. పునః పునః అంటే మళ్ళీ మళ్ళీ. ఆ మళ్ళీమళ్ళీతనమే పౌనఃపున్యం. నా క్లాసులో ఏటా సగం మంది ణ్య రాసేవాళ్ళు, మార్కులు తగ్గించి తగ్గించి విసిగిపోయాను.

ఇది ఫిజిక్సు కోసం పుట్టిన మాట కాదు. సంస్కృతంలో ఒక పని పదే పదే చేయడాన్ని చెప్పడానికి క్రియకే ఒక ప్రత్యేక రూపం ఉంది. పచతి అంటే వండుతున్నాడు, పాపచ్యతే అంటే మళ్ళీ మళ్ళీ వండుతున్నాడు. ఈ రూపాన్ని విధించే పాణిని వ్యాకరణ సూత్రం దగ్గర, దాని పాత వ్యాఖ్య కాశికావృత్తి "పౌనఃపున్యం భృశార్థో వా" అంటుంది: పదే పదే చేయడమన్నా కావచ్చు, గట్టిగా చేయడమన్నా కావచ్చు. మన పాఠ్యపుస్తకాలు ఈ వ్యాకరణం మాటనే సెకనుకి ఎన్నిసార్లు అనే లెక్కకి తెచ్చి పెట్టాయి. స్టాటిస్టిక్స్‌లో పౌనఃపున్య విభాజనమూ ఇదే.

(హోసూరు నుంచి ఒక సభ్యుడు)
మా ఫ్యాక్టరీలో సగం మంది తెలుగు, సగం మంది తమిళం. తమిళంలో అదిర్వెణ్ అంటారు. అదిర్వు అంటే కంపనం, ఎణ్ అంటే సంఖ్య. ఎంత హాయిగా ఉంది! హిందీవాళ్ళు ఆవృత్తి అంటారు. మనమూ అలాంటిదేదో పెట్టుకుంటే పోయేది కదా?

(లెక్చరర్)
ఆవృత్తికి ఉన్న ధాతువునే మనం వేరేచోట వాడేశాం. ఒక చుట్టు పూర్తయ్యే సమయం ఆవర్తన కాలం, దాన్ని తిరగేస్తే పౌనఃపున్యం. 50 హెర్ట్జ్, అంటే సెకనుకి 50 సార్లు అయితే, ఆవర్తన కాలం 20 మిల్లీసెకన్లు. పైగా ఆవర్తనం అంటే టీవీ చూసేవాళ్ళకి బంగాళాఖాతం, వానలు గుర్తొస్తాయి.

(మొదటి పోస్టు రాసినవాణ్ణి)
మాస్టారూ, కాశికతో నాకు ఒక తలుపు తెరిచారు. మా పనిలో ఫ్రీక్వెన్సీ ఒక్కటే కాదు, మాట్లాడే పద్ధతి కూడా పునఃపునఃనే. మేం వాడేది మోడ్‌బస్, 1979లో మోడికాన్ కంపెనీ పెట్టిన పద్ధతి. అందులో డ్రైవ్ తనంతట తాను నోరు విప్పదు. అడిగితేనే చెబుతుంది. కాబట్టి కంట్రోలర్ అడిగి అడిగి తెలుసుకోవాలి: ఎంత స్పీడు, ఎంత కరెంటు, ఏమన్నా ఫాల్టా? ఇటు నుంచి కొంతసేపు మాట వినబడకపోతే మోటారు ఆపేసేలా డ్రైవ్‌లో సెట్ చేసుకోవచ్చు. మాది అలాగే పెట్టాం.

ఇంతకీ పేజీలో అసలు చిక్కు మాట దగ్గర కాదు, అంకె దగ్గర వచ్చింది. నేనే చేసిన పొరపాటు. "పౌనఃపున్యం: 50" అని రాశాను. కొత్త కుర్రాడు అది చూసి రిజిస్టర్‌లో, అంటే డ్రైవ్ లోపల అంకె పెట్టుకునే గదిలో, 50 కొట్టాడు. ఫ్యాను మోటారు కదిలీ కదలనట్టు తిరిగింది. బేరింగ్ పట్టేసిందనుకుని బెల్టు కూడా ఊడదీశారు. డ్రైవ్ డిస్‌ప్లే చూస్తే 0.50. ఆ రిజిస్టర్‌లో పూర్ణాంకమే పడుతుంది, చుక్క పెట్టడానికి చోటు లేదు. మా డ్రైవ్‌లో ఒక్కో అంకె హెర్ట్జ్‌లో వందో వంతు. 50 హెర్ట్జ్ కావాలంటే 5000 పంపాలి, తీగ మీద అది పదహారు ఆధారంగా రాసే హెక్స్ లెక్కలో 13, 88 అనే రెండు బైట్లుగా పోతుంది. నాలుగు పోల్స్ (అయస్కాంత ధ్రువాలు) ఉన్న మోటారుకి 50 హెర్ట్జ్ అంటే నిమిషానికి 1500 చుట్లు, లోడు మీద ఒక 1440. 0.50 దగ్గర 15 చుట్లు కూడా రావు.

(ఒక సభ్యురాలు, అనువాదకురాలు)
అయితే మాట మార్చినా మీ కుర్రాడు 50 కొట్టేవాడేనండీ. "హెర్ట్జ్" అనే రాయండి, మీ వాళ్ళు నోటితో అనేది అదే కదా. పౌనఃపున్యం ఒక్కసారి చెప్పి వదిలేయండి. సీరియల్‌కి నాకు "వరుస" నచ్చుతుంది, బిట్ వెనక బిట్ వరుసగా పోతుంది కాబట్టి. వరుస అంటే బంధుత్వం కూడా అనుకోండి, మీ ఫిట్టర్ ఈసారి ఎవరి తరఫున అని అడుగుతాడేమో.

ఇంకో మాట. మోడ్‌బస్ పాత పుస్తకాల్లో మాస్టర్, స్లేవ్ అని ఉంటుంది. యజమాని, బానిస అని పెట్టకండి. 2020లో మోడ్‌బస్ సంస్థే ఆ జంటను మార్చి క్లయింట్, సర్వర్ అంది. తెలుగులో "అడిగేది, చెప్పేది" అంటే చాలు.

(మొదటి పోస్టు రాసినవాణ్ణి)
అడిగేది, చెప్పేది! ఇది తీసుకుంటున్నానమ్మా. మార్చి రాసిన పేజీ ఇదిగో:

"కంట్రోలర్ అడుగుతుంది, డ్రైవ్ చెబుతుంది. స్పీడు హెర్ట్జ్‌లో. కావలసిన హెర్ట్జ్‌ని వందతో గుణించి కొట్టాలి: 35 కావాలంటే 3500. కొట్టాక డిస్‌ప్లే చూడాలి. అంకె తేడాగా ఉంటే బెల్టు ముట్టుకోవద్దు, ముందు నాకు ఫోన్ చేయాలి."

పౌనఃపున్యం ఒక్కచోటే ఉంచాను, పేజీ పైన శీర్షికలో. ఫిట్టర్ అది చూసి "ఇందులో చుక్కలు ఎందుకు సార్, రెండు?" అన్నాడు. విసర్గ గురించి చెబుతుంటే షిఫ్టు సైరన్ మోగింది. ప్యారిటీ బిట్‌కి (పంపిన బిట్లలో తప్పు దొర్లిందేమో పట్టే అదనపు బిట్) తెలుగు మాట అడగాలనుకున్నాను గానీ, రేపు వేరే పోస్టు పెడతాను.