ఒసాకా హోటల్ ఉద్యోగం: చైనా గ్రూపులు ఆగిపోయాయి, ఉండాలా మారాలా?

ప్రశ్న – ఒసాకా, కొత్త సభ్యుడు

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు. సెప్టెంబర్‌లో జపాన్ వచ్చి ఇక్కడ ఒక హోటల్లో ఫ్రంట్ డెస్క్‌లో చేరాను. మా గదుల్లో సగం చైనా గ్రూపులవే. నవంబర్ మధ్యలో బుకింగులు వరసగా క్యాన్సిల్ అయ్యాయి. ఇప్పుడు వారానికి మూడు షిఫ్టులే ఇస్తున్నారు. ఇంటి దగ్గర అప్పు ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఇది ఎన్నాళ్ళుంటుంది? ఇప్పుడే వేరే ఉద్యోగం చూసుకోవాలా?

జవాబు – ఒసాకా, పదకొండేళ్ళుగా ఇక్కడే

తమ్ముడూ, కంగారుపడకు, కానీ ఊరికే కూర్చోకు కూడా. 2025 నవంబర్ 7న జపాన్ ప్రధాని తకైచి తైవాన్ గురించి పార్లమెంటులో చైనాకు కోపం తెప్పించే మాట ఒకటి అన్నారు. 14న చైనా విదేశాంగ శాఖ తమ ప్రజలను జపాన్ వెళ్ళొద్దంది. వెంటనే చైనా ఎయిర్‌లైన్స్ టికెట్ల డబ్బు పూర్తిగా వెనక్కి ఇస్తామన్నాయి. డిసెంబర్‌లో ఇక్కడికి వచ్చిన చైనావాళ్ళు అంతకు ముందు డిసెంబర్‌తో పోలిస్తే సుమారు 45 శాతం తగ్గారు. నీ హోటల్లో ఖాళీ గదులు అవే.

అయితే ఆ మిగిలిన సగం మంది ఎవరో గమనించు. గ్రూపు అంటే ట్రావెల్ ఏజెన్సీ. పై నుంచి మాట వస్తే ఏజెన్సీ మర్నాడే ఆపేస్తుంది, లైసెన్సు పోగొట్టుకోలేదు కదా. సొంతంగా టికెట్ కొనుక్కొని వచ్చే కుర్రవాళ్ళు మాత్రం వస్తూనే ఉంటారు. నాతో పనిచేసే చైనా అమ్మాయి వాళ్ళ చెల్లెలు మొన్న వచ్చి వెళ్ళింది. ఫోటోలు మాత్రం ఎక్కడా పెట్టలేదు, అక్కడివాళ్ళు తిడతారని. కోపం లేదనను, చాలామందికి నిజంగానే ఉంది. కానీ బస్సులు ఆగేది కోపం వల్ల కంటే ఆదేశం వల్లే ఎక్కువ. అందుకే మీ మేనేజర్‌ని గ్రూపులెన్ని, విడిగా వచ్చేవాళ్ళెందరు అని అడుగు. అంతా గ్రూపులే అయితే వేరే ఉద్యోగం చూడటం మొదలుపెట్టు.

ఎన్నాళ్ళంటావా? 2012 సెప్టెంబర్‌లో చైనా కూడా తనవే అనే సెన్‌కాకు దీవుల్ని జపాన్ ప్రభుత్వం కొన్నప్పుడూ ఇలాగే బస్సులు ఆగాయి. 2012లో 14 లక్షలు దాటి వచ్చినవాళ్ళు 2013లో 13 లక్షలకు తగ్గారు. 2014లో 24 లక్షలు, 2015లో దాదాపు 50 లక్షలు. సంచులు నింపుకొని కొనే వాళ్ళ కోసం ‘బకుగై’ అనే మాట అప్పుడే ఊరంతా మోగింది. ఏడాది లెక్క చూస్తే చిన్న దెబ్బలా ఉంది కానీ, ఆ కొన్ని నెలలు అద్దె కట్టాల్సినవాళ్ళకు అది చిన్నది కాదు.

జవాబు – సియోల్

అన్నయ్య చెప్పింది జపాన్ కథ. కొరియాది వేరు, అందుకే తొందరగా సర్దుకుంటుందని లెక్క వేసుకోకు బాబూ. 2016లో ఇక్కడ అమెరికా వాళ్ళ థాడ్ అనే క్షిపణి నిరోధక వ్యవస్థ పెడతామన్నారు, అది చైనాకు నచ్చలేదు. 2017 మార్చి నుంచి గ్రూపులు బందయ్యాయి. చైనా ప్రభుత్వం నిషేధం ఉందని ఎప్పుడూ ఒప్పుకోలేదు. ఆ నెలలోనే జెజూ దీవికి ఓడలో వచ్చిన 3,400 మంది చైనావాళ్ళు ఓడ దిగకుండానే వెళ్ళిపోయారు. రేవులో బస్సులు, గైడ్లు ఎదురుచూస్తూ ఉండిపోయారు. 2016లో 80 లక్షలు వచ్చినవాళ్ళు 2017లో 42 లక్షలకు పడిపోయారు. మధ్యలో కోవిడ్ కూడా వచ్చి, చైనా మళ్ళీ గ్రూపులకు పూర్తిగా తలుపు తెరిచింది 2023 ఆగస్టులోనే. ఇక్కడి షాపింగ్ వీధి మ్యోంగ్‌డాంగ్‌లో నాకు తెలిసిన దుకాణాల్లో నిలబడినవి థాయ్, తైవాన్, వియత్నాం వాళ్ళ కోసం మారినవే.

ఇంకో మాట. నీతో పనిచేసే చైనా పిల్లల దగ్గర తైవాన్ చర్చ పెట్టకు. వాళ్ళ షిఫ్టులూ పోయాయి. మనవాళ్ళూ 2024లో మాల్దీవుల మీద కోపంతో అక్కడికి వెళ్ళడం తగ్గించారు: 2023లో 2 లక్షలు దాటి వెళ్ళినవాళ్ళు 1.3 లక్షలకు తగ్గారు. అక్కడి రిసార్టుల్లో పనిచేసే వాళ్ళలో మన దేశంవాళ్ళు కూడా ఉన్నారు.

ప్రశ్నించినవారు

థాంక్సండీ. మేనేజర్‌ని అడిగాను, చైనా బుకింగుల్లో పదింట ఏడు గ్రూపులేనట. కొన్నాళ్ళు గదులు శుభ్రం చేసే పని చేయమంటున్నారు. ఒప్పుకోనా?

జవాబు – ఒసాకా, పదకొండేళ్ళుగా ఇక్కడే

ఆగు తమ్ముడూ! నీ వీసా ఇంజినీర్, హ్యుమానిటీస్ రకం (చదువుకు తగ్గ ఉద్యోగాలకు ఇచ్చేది) అయితే రోజంతా పక్కలు మార్చే పని దాని కిందికి రాదు. రెన్యువల్ అప్పుడు ఇబ్బంది పడతావు. అవసరానికి ఒక పూట సాయం వేరు, అదే ఉద్యోగంగా మారడం వేరు. ఏం చేయమంటున్నారో రాసి ఇమ్మను.

షిఫ్టుల సంగతి: కాంట్రాక్టులో వారానికి ఐదు రోజులని ఉండి, వాళ్ళ కారణంతోనే తగ్గిస్తే, ఆ రోజులకు సగటు జీతంలో కనీసం 60 శాతం ఇవ్వాలని చట్టం. దాన్ని క్యూగ్యో తెఆతె అంటారు. అడగడానికి మొహమాటపడకు, అది నీ హక్కు.

కోపంతో మానేయకు. మానేస్తే 14 రోజుల్లో ఇమిగ్రేషన్‌కు తెలియజేయాలి. సరైన కారణం లేకుండా మూడు నెలలు ఆ పనిలో లేకపోతే వీసా రద్దు చేసే వీలుంది. ఉద్యోగంలో ఉంటూనే హలో వర్క్‌కు (ప్రభుత్వ ఉద్యోగ కేంద్రం) వెళ్ళి పేరు రాయించుకో. కొరియా, తైవాన్, ఆస్ట్రేలియా అతిథులు ఎక్కువగా వచ్చే హోటళ్ళు చూడు. నీ ఇంగ్లీషు అక్కడ పనికొస్తుంది.

ఆదివారం మధ్యాహ్నం నాకు ఖాళీ. కాంట్రాక్టు, మూడు నెలల పే స్లిప్పులు, రెసిడెన్స్ కార్డు పట్టుకొని రా. జపనీస్‌లో ఉన్నదంతా కూర్చొని చదివి చెప్తాను.