ఒరిగామి కోసం రెండు పొరల టిష్యూ కాగితం: జిగురు ఏది, ఆరబెట్టడం ఎలా?

ప్రశ్న (బరంపురం, గంజాం జిల్లా)

నమస్కారం. ఒరిగామి, అంటే కాగితం మడిచి బొమ్మలు చేసే కళ, నా అభిరుచి. కొబ్బరి చెట్లను తొలిచే కొమ్ముపురుగును ఆరు కాళ్లతో, కొమ్ముతో సహా ఒకే చదరపు కాగితం నుంచి, కత్తెర తగలకుండా మడవాలని నా కోరిక. జిరాక్స్ కాగితం అన్ని మడతలకు మందమైపోతుంది, ఒంటి పొర టిష్యూలో మడత నిలవదు. అందుచేత చేతితో తయారైన పలుచని టిష్యూను రెండు పొరలుగా అతికించుకోవాలనుకుంటున్నాను. మైదా జిగురుకు మా సముద్రపు గాలిలో త్వరగా బూజు పడుతుంది. ఏ జిగురు వాడాలో, ఎలా ఆరబెట్టాలో అనుభవం ఉన్నవారు దయచేసి వివరించగలరు.

జవాబు (రాయగడ)

మిథైల్ సెల్యులోజ్ (మొక్కల పీచులోని సెల్యులోజ్ నుంచి తయారయ్యే జిగురు) పొడి తెప్పించుకోండి. కాగితపు పీచు కూడా సెల్యులోజే కనుక రెండూ చక్కగా కలిసిపోతాయి, ఆరిన తరువాత మరక కనిపించదు. ఈ పొడి చల్లని నీటిలో కరుగుతుంది, వేడినీటిలో కరగదు. అయినా నేరుగా చల్లని నీటిలో పోస్తే పైపైన తడిసి ఉండలు కడుతుంది. కాబట్టి ముందు కొద్దిపాటి వేడినీటిలో చల్లి, ప్రతి రేణువూ తడిసేలా కలిపి, ఆ తరువాత చల్లని నీరు పోసి రాత్రంతా ఉంచాలి. మొత్తం పావు లీటరు నీటికి ఒక టీచెంచా పొడి చాలు. జిగురు పలుచని గంజిలా కుంచె నుంచి జారాలి.

శుభ్రమైన గాజు పలక మీద మొదటి టిష్యూను పొడిగా పరిచి, వెడల్పాటి మెత్తని కుంచెతో నడిమి నుంచి అంచులకు జిగురు రాయండి. తడిసిన కాగితం సాగి ముడతలు పడుతుంది. వాటిని వేలితో లాగితే చిరుగుతుంది, కుంచెతోనే అంచు వైపు నెట్టాలి. రెండో కాగితాన్ని దించేటప్పుడు ఎదుటి అంచును మరొకరు పట్టుకుంటే ఎంతో మేలు. పైన మళ్లీ జిగురు రాసి, అంచులు గాజుకు బాగా అంటుకునేలా చూడండి, ఎందుకంటే ఆరేటప్పుడు కాగితాన్ని బిగించి ఉంచేవి ఆ అంచులే. ఎండలో పెట్టవద్దు, నీడలో, మీ వానాకాలంలోనైతే ఒక రోజు దాటినా సరే, పూర్తిగా ఆరనివ్వండి. చదరాన్ని ఆ తరువాతే కోయాలి, ఎందుకంటే తడిసిన కాగితం అన్ని వైపులకూ సమంగా సాగదు.

జవాబు (బల్లార్షా, చంద్రపూర్ జిల్లా)

కాగితపు మిల్లు ఉన్న ఊరివాడిని కనుక పీచుల దిశ గురించి ఒక మాట చేరుస్తాను. యంత్రం మీద తయారైన టిష్యూలో పీచులు ఎక్కువగా ఒకే దిశలో ఉంటాయి, చేతి కాగితంలో ఆ తేడా తక్కువ. చిన్న ముక్కను ఒకవైపు తడిపితే అది గొట్టంలా చుట్టుకుంటుంది. ఆ గొట్టం పొడవే పీచుల దిశ. రెండు పొరలనూ ఒకదానికొకటి అడ్డంగా పెడితే బలం రెండు వైపులా సమానమవుతుంది.

మధ్యలో అల్యూమినియం రేకు పెట్టమని కొందరు చెబుతారు, నా అభిప్రాయంలో అది వద్దు. రేకు ఆకారాన్ని నిలుపుతుంది కానీ, ఒకే చోట పలుమార్లు మడిస్తే చిట్లుతుంది. జపాన్ ఒరిగామి కళాకారుడు అకిరా యోషిజావా (1911–2005) రూపొందించిన తడి మడత పద్ధతి మీ కాగితానికి సరిపోతుంది. పురుగు కాళ్లను చివరలో కొద్దిగా తడిపి వంచి ఆరనిస్తే, జిగురు మళ్లీ గట్టిపడి ఆ వంపును అలాగే నిలుపుతుంది.

ప్రశ్న అడిగినవారు (బరంపురం)

ఇద్దరికీ కృతజ్ఞతలు. నల్లని టిష్యూ వాడితే రంగు కారుతుందా?

జవాబు (రాయగడ)

కారే అవకాశం ఉంది. ఒక ముక్కను తడిపి తెల్లని గుడ్డ మీద నొక్కి చూడండి, రంగు అంటితే ఆ కాగితం వద్దు. అటువంటప్పుడు తెల్ల టిష్యూనే అతికించి, ఇదే జిగురులో కొద్దిగా అక్రిలిక్ రంగు కలిపి, కాగితం గాజు మీద ఉండగానే పలుచగా రాయండి. అక్రిలిక్ ఆరిన తరువాత నీటికి కరగదు కనుక తడి మడతలకూ ఇబ్బంది ఉండదు.