కత్తిరింపా, కూర్పా? ఎడిటింగ్‌కు తెలుగు మాట

ప్రశ్న

పాత సినిమాల టైటిళ్లలో ఛాయాగ్రహణం, శబ్దగ్రహణం పక్కనే 'కూర్పు' అని వేసేవారు. ఇప్పుడు వీడియో పాఠాలు తెలుగులో రాసేవాళ్లు కొందరు ఎడిటింగ్‌ను 'కత్తిరింపు' అంటున్నారు. చేసేది కట్ చేయడమే కదా, సరిపోతుందేమో కూడా. పని తెలిసినవాళ్లు చెప్పండి, ఏ మాట పనికి దగ్గర? 'లిప్‌సింక్'కు, అంటే పెదవుల కదలికా మాటా కలవడానికి, వాడుకలో నిలిచే తెలుగు మాట ఏదైనా ఉందా?

జవాబు – ఎడిటింగ్ వైపు నుంచి

కూర్పే అండి. తమంతట తాము కలిస్తే కూడడం, మనం కలిపితే కూర్చడం. పూలు కూర్చినా, ప్రెస్సులో సీసపు అక్షరాలు కూర్చినా అదే క్రియ. పక్క భాషలు చూడండి: తమిళంలో పడత్తొగుప్పు, కన్నడంలో సంకలన, మలయాళంలో చిత్రసంయోజనం. అన్నీ కలపడం గురించే, కోయడం గురించి ఒక్కటీ లేదు. పైగా మన పత్రికల్లో 'కత్తిరింపులు' అంటే సెన్సారువి. ఆ మాటకు ఆ అర్థం ఎప్పుడో స్థిరపడిపోయింది.

ఇక పని సంగతి. ఒక మనిషి టీ గ్లాసు ఎత్తి తాగుతున్నాడు. మొదటిది దూరపు షాట్, రెండోది ముఖం దగ్గర క్లోజప్. చెయ్యి బల్ల మీద కదలకుండా ఉన్నప్పుడు షాట్ మారిస్తే అతుకు కనిపిస్తుంది. గ్లాసు సగం దూరం లేచినప్పుడు మారిస్తే చూసేవాడి కన్ను చేతి వెంట పోతుంది, అతుకు కనబడదు. ఇందుకోసం ఎత్తడం మొదలు తాగడం దాకా రెండు షాట్లలోనూ పూర్తిగా తీసి ఉండాలి. క్లోజప్‌లో గ్లాసు పెదవి దగ్గర పెట్టుకుని 'యాక్షన్' అంటే ఎడిటింగ్ టేబుల్ దగ్గర చేయగలిగింది ఏమీ ఉండదు. అతికిన తరువాత కూడా కదలిక తడబడినట్టుంటే రెండో షాట్ మొదట్లో రెండు మూడు ఫ్రేములు అటూ ఇటూ జరిపి చూడండి. ఫిల్ము రోజుల్లోనూ ఇంతే. స్ప్లైసరుతో, అంటే ఫిల్ము కోసి అతికే పరికరంతో, కోయడం ఒక్క క్షణం పని, టేపుతో అతికి మళ్లీ మళ్లీ నడిపి చూడటమే అసలు పని.

జవాబు – సౌండ్ వైపు నుంచి

పై మాటకు శబ్దం వైపు నుంచి ఇంకా గట్టి సాక్ష్యం ఉంది. ఇంటర్వ్యూలో నడుమ రెండు వాక్యాలు తీసేశారనుకోండి. బొమ్మ మీద వేరే షాట్ వేసి అతుకు కప్పేయొచ్చు. కానీ అక్కడ ఫ్యాన్ హోరు ఒక్కసారి తెగి మళ్లీ మొదలవుతుంది, చెవి వెంటనే పట్టేస్తుంది. అందుకే షూటింగ్ అయ్యాక లైట్లు, ఏసీ, మనుషులు ఎవరినీ కదిలించకుండా, అదే మైకు అదే చోట, అదే గెయిన్‌లో (మైకు శబ్దాన్ని పెంచి పట్టే స్థాయి) 30 సెకన్లు ఉత్త గదిని రికార్డు చేయాలి. రూమ్ టోన్ అంటారు, 'గది మౌనం' అనుకోవచ్చు. దాన్ని అతుకుల కింద పరిస్తే సందు పూడుతుంది. మాట్లాడేటప్పుడు ఫ్యాన్ ఆపి, టోన్ తీసేటప్పుడు వేస్తే మాత్రం అది దేనికీ పనికిరాదు. ప్రతి శబ్దపు అతుకు దగ్గరా రెండు మూడు ఫ్రేముల క్రాస్‌ఫేడ్ (ఒక శబ్దం తగ్గుతుంటే రెండోది పెరగడం) పెట్టండి, లేకుంటే 'టిక్'మంటుంది.

జె-కట్, ఎల్-కట్ అని మరో జత ఉంది. వచ్చే షాట్‌లోని గొంతు 8–12 ఫ్రేములు ముందుగా వినిపిస్తే జె, పోతున్న షాట్‌లోని గొంతు తరువాతి బొమ్మ మీద కొనసాగితే ఎల్. తెలుగు చదువరికి 'ముందుమాట అతుకు', 'మిగులుమాట అతుకు' అని చెబితే ఆకారం గుర్తుపెట్టుకునే శ్రమ ఉండదు. సంభాషణ సీన్లో మాటా బొమ్మా ప్రతిసారీ ఒకేచోట మారితే బంతాట చూస్తున్నట్టుంటుంది. ఈ రెండూ తెలిసిన చేతిలో అదే సీను మనుషులు మాట్లాడుకుంటున్నట్టుంటుంది.

మళ్లీ ప్రశ్న

బాగుంది అండి. ఫోన్‌తో వీడియో, విడిగా రికార్డరుతో మాట తీసేవాళ్లు మొదట్లో కలిసినా పది నిమిషాలకు పెదవులు తప్పుతున్నాయంటారు. దీన్ని కూడా సింక్ పోవడమే అనాలా?

జవాబు – సౌండ్ వైపు నుంచి

రెండు వేర్వేరు జబ్బులు, రెండు మాటలు కావాలి. మొదటి నుంచి చివరి దాకా ఒకే దూరం తప్పితే అది 'జరుగుడు'. చప్పట్ల చప్పుడును చేతులు కలిసిన ఫ్రేముకు పెడితే చాలు, క్లాప్ కొట్టేది ఇందుకే. పోనుపోను దూరం పెరిగితే అది 'జారుడు'. సెకనుకు 29.97 ఫ్రేముల వీడియోని ఎక్కడో 30గా లెక్కవేస్తే పది నిమిషాలకు 0.6 సెకను తేడా వస్తుంది. చాలా ఫోన్లు వెలుగును బట్టి ఫ్రేముల వేగం మార్చుకుంటూ తీస్తాయి. అలాంటి ఫైలును ఎడిటింగ్‌కు ముందే హ్యాండ్‌బ్రేక్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్థిర వేగానికి మార్చుకోండి. రికార్డరు 44.1లో కాకుండా 48 కిలోహెర్ట్జ్‌లో పెట్టండి. మన ట్యూబులైట్ల కింద 25 ఫ్రేములు, షట్టరు 1/50 పెడితే మెరుపు పట్టీలు కూడా పోతాయి. కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి.

జవాబు – డబ్బింగ్ వైపు నుంచి

క్లాప్ లేని ఫైలు వచ్చినా కంగారక్కర్లేదు, మన వ్యాకరణమే క్లాప్. ఓష్ఠ్యాల్లో ప బ భ మ పలికేటప్పుడు రెండు పెదవులూ మూసుకోక తప్పదు. 'అమ్మ', 'బాబు', 'పాప' లాంటి మాట వెతికి, పెదవులు విడిపోయే ఫ్రేము దగ్గర 'బ' పేలుడు పెట్టండి. 'క', 'త'లతో ప్రయత్నిస్తే దొరకదు. అవి నోటి లోపల పలికేవి, కెమెరాకు కనపడవు.

డబ్బింగ్ రాతలో ఇదే తలనొప్పి. తమిళంలో 'వేండాం' అని స్పష్టంగా పలికితే చివర పెదవులు మూతపడతాయి. మన 'వద్దు' తెరుచుకునే ముగుస్తుంది, క్లోజప్‌లో పెదవి కలవదు. అక్కడ అర్థం చెడకుండా 'వద్దన్నాం' లాంటిది పట్టాలి. లాంగ్ షాట్‌లో ఈ పాట్లు అక్కర్లేదు, 'వద్దు' అనే వదిలేయొచ్చు.

ఒక సంగతి గమనించండి. మాట బొమ్మకన్నా ముందొస్తే 45 మిల్లీసెకన్లకే తేడా తెలిసిపోతుంది, వెనకబడితే దాదాపు 125 దాకా సర్దుకుంటాం. లోకంలో చప్పుడు ఎప్పుడూ చూపు తరువాతే వస్తుంది మరి. అనుమానముంటే మాటను ఒక ఫ్రేము వెనక్కే ఉంచండి, ముందుకు తేవద్దు.

లిప్‌సింక్‌కు నా ఓటు 'పొంతన'కు. 'మాటకీ పెదవికీ పొంతన లేదు' అంటే వివరించాల్సిన పని లేదు.

జవాబు – ఎడిటింగ్ వైపు నుంచి

పొంతన నాకూ నచ్చింది. పాఠంలో అదే రాయండి. సెట్లో మాత్రం 'సింక్' అనే అరవనివ్వండి, అక్కడ ఒక్క అక్షరం తక్కువైతే అంత మేలు.

మళ్లీ ప్రశ్న

మరి ఎడిటరుని ఏమనాలి? 'సంపాదకుడు' అంటే పత్రికాయన గుర్తొస్తాడు.

జవాబు – డబ్బింగ్ వైపు నుంచి

కూర్పరి. నేర్పు నుంచి నేర్పరి వచ్చినట్టే. ఆడవారికీ మగవారికీ ఒకటే మాట, బహువచనం కూర్పరులు.